యుద్ధ చరిత్ర పుస్తకాలను ఎంచుకోవడం ఎలా?

యుద్ధాలపై వచ్చిన చరిత్ర గ్రంథాల్లో సేనల కదలికలను, ఆయుధాలను, సేనానుల నిర్ణయాలను వివరించేవి కొన్నయితే, ఆ కాలంలో సామాన్యులు పడిన ఆకలిని, వలసను, చాకిరీని చెప్పేవి మరికొన్ని. ఈ రెండింటినీ ముడివేసి చూపే పుస్తకానికే నేను మొదటి స్థానం ఇస్తాను.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు సోవియట్ నగరమైన లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టిన ముట్టడినే తీసుకుందాం. 1941 నవంబరు 20న ఆ నగరంలో కార్మికులు కానివారికి, పిల్లలకు రోజుకు ఇచ్చే రొట్టెను 125 గ్రాములకు తగ్గించారు. సరకులు చేరవేసే దారిలోని తిఖ్విన్ పట్టణం, దాని రైలు మార్గం అంతకు కొద్ది రోజుల ముందే జర్మన్ల వశమయ్యాయి. డిసెంబరు 9న సోవియట్ సేనలు ఆ పట్టణాన్ని తిరిగి గెలుచుకున్నాయి. గడ్డకట్టిన లడోగా సరస్సు మీదుగా లారీలు సరకులు తెస్తుండగా, డిసెంబరు 25న రొట్టె కోటా 200 గ్రాములకు పెరిగింది. రొట్టె సంగతి ఒక్కటే రాసిన పుస్తకంలో కోటా ఎందుకు తగ్గిందో తెలియదు; పోరు సంగతి ఒక్కటే రాసినదానిలో ఆ పట్టణం కోసం అంతగా ఎందుకు పోరాడారో తెలియదు. పుస్తకం కొనేముందు మీకు పరిచయమున్న ఒక ఘట్టాన్ని తీసి, ఈ రెండు వైపులూ అందులో కలుస్తున్నాయో లేదో చూడండి.

ప్రచురణ సంవత్సరాన్ని తప్పక గమనించాలి. ఎనిగ్మా అనే యంత్రంతో జర్మన్లు రహస్య లిపిలోకి మార్చి పంపిన సందేశాలను బ్రిటిష్ వారు బ్లెచ్లీ పార్క్ అనే తమ రహస్య కేంద్రంలో ఛేదించిన విషయం 1974 వరకు సామాన్య పాఠకులకు తెలియదు కాబట్టి, అంతకుముందు అట్లాంటిక్ జలాంతర్గాముల పోరు గురించి రాసిన గ్రంథాల్లో గెలుపోటములకు చెప్పిన కారణాలు అసంపూర్ణంగానే ఉంటాయి. అలాగే సోవియట్ దస్తావేజులు చాలావరకు 1990ల్లో గానీ పరిశోధకులకు అందలేదు. అయినా పాత పుస్తకాలను పక్కన పెట్టకూడదు. నాటి మనుషులతో నేరుగా మాట్లాడి రాసిన వివరాలు వాటిలో దొరుకుతాయి.

పుస్తకం చివర ఉన్న ఆధారాల పట్టికలో ఇరుపక్షాల దస్తావేజులూ ఉన్నాయా, పోరు జరిగిన చోట్లకు పటాలు ఉన్నాయా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అంకెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధం తొలి రోజున, అంటే 1916 జూలై 1న, బ్రిటిష్ సేన నష్టం 57 వేలకు పైమాటే, కానీ వారిలో మరణించినవారు 19 వేల పైచిలుకు; మిగిలినవారు గాయపడినవారు, ఆచూకీ తెలియనివారు, బందీలైనవారు. ఈ తేడా చెప్పకుండా మొత్తాన్నీ మృతుల సంఖ్యగా చూపే రచయిత ఇచ్చే ఇతర అంకెలనూ నమ్మడం కష్టం.

సేనానుల ఆత్మకథల్లో తమ నిర్ణయాలను సమర్థించుకునే ధోరణి ఎక్కువ. సైనికుల ఉత్తరాలు అప్పటికప్పుడు రాసినవే అయినా సెన్సారు కత్తెర వాటి మీద పడేది. పైగా ఇంట్లోవాళ్లు కంగారుపడతారని వారే ఎన్నో దాచేవారు. ఈ పరిమితులను పాఠకుడికి ముందే చెప్పి, ఆ రాతలను సైనిక దళాల దినచర్య నివేదికలతో పోల్చి చూపే పుస్తకాన్ని నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు.