గాల్వెస్టన్ నుంచి ఇద్దరు స్నేహితుల రెడ్ స్నాపర్ వేట: పడవ మాట్లాడుకోవడం నుంచి పులుసు ముక్కల దాకా

కాలవ గట్టున వెదురు గేలంతో చేపలు పట్టిన చేతికి ఒక అలవాటు ఉంటుంది. బెండు మునగ్గానే చటుక్కున పైకి లాగేస్తుంది. టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి బయల్దేరి మెక్సికో గల్ఫ్‌లో ముప్పై మీటర్ల లోతున రెడ్ స్నాపర్ అనే ఎర్రటి చేపని పట్టేటప్పుడు ఆ అలవాటే చేపని పోగొడుతుంది. ఎందుకో గాలం వేసే చోట వివరంగా చెబుతాం. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది పడవ. చార్టర్ అంటే కెప్టెన్‌తో సహా పడవ మొత్తం ఆ రోజుకి మీదే. చిన్న చార్టర్లలో చాలావాటికి కోస్ట్ గార్డ్ లైసెన్సు ఆరుగురు ప్రయాణికుల వరకే ఉంటుంది, అందుకే వాటిని సిక్స్ ప్యాక్ అంటారు. అద్దె మనిషికి ఇంత అని కాదు, పడవకి. ఇద్దరే ఎక్కితే ఇద్దరూ మొత్తం మోయాలి. ఇంకో ఇద్దరిని కలుపుకొని నలుగురు వెళ్లడం మా దృష్టిలో సరైన లెక్క: ఖర్చు సగమవుతుంది, లైన్లు చిక్కుపడవు, మాట్లాడుకోవడానికి చోటుంటుంది. మనిషికి ఇంత అని టికెట్ కొని ఎక్కే పార్టీ బోటు చవకే కానీ పదుల మంది భుజాలు రాసుకుంటూ నిలబడతారు. అదే ఎక్కాల్సి వస్తే త్వరగా వెళ్లి వెనక మూల చోటు పట్టుకోండి.

గంటల లెక్క దగ్గర చాలామంది దెబ్బతింటారు. గాల్వెస్టన్ దగ్గర సముద్రం చాలా దూరం దాకా లోతు తక్కువ. మంచి స్నాపర్ కోసం పాత ఆయిల్ రిగ్గుల (సముద్రంలో చమురు తీసే ఇనుప కట్టడాల) దగ్గరకో, రాతి దిబ్బల మీదకో ముప్పై, నలభై నాటికల్ మైళ్లు పోవాల్సి వస్తుంది. 40 నాటికల్ మైళ్లు, 25 నాట్ల వేగం (గంటకి 25 నాటికల్ మైళ్లు) అనుకోండి: పోవడానికి 1 గంట 36 నిమిషాలు, రావడానికి అంతే. 8 గంటల ట్రిప్పులో 3 గంటలకు పైగా ప్రయాణానికే సరి. జాగాలు మారడం కూడా తీసేస్తే గాలం నీళ్లలో ఉండేది 4 గంటలు. కాబట్టి 10 లేదా 12 గంటల ట్రిప్పే మాట్లాడుకోండి. ఫోన్‌లోనే ఇవన్నీ అడిగేయండి: రాడ్లు, ఎర, ఐసు, చేపలు కోసివ్వడం అద్దెలోనే ఉన్నాయా? ఇంధనానికి అదనంగా అడుగుతారా? వాతావరణం బాగోక ఆగిపోతే అడ్వాన్సు ఏమవుతుంది? రీఫ్ చేపలకి, అంటే స్నాపర్ లాంటి దిబ్బల దగ్గరి చేపలకి, ఫెడరల్ పర్మిట్ ఉందా? చివరి ప్రశ్నకి జవాబు నసిగితే ఇంకో పడవ చూసుకోండి.

పర్మిట్ ఎందుకంటే, టెక్సస్ రాష్ట్ర జలాలు ఒడ్డు నుంచి 9 నాటికల్ మైళ్ల వరకే. ఆ తర్వాత ఫెడరల్ రూల్స్. అక్కడ మనిషికి రోజుకి 2 రెడ్ స్నాపర్లు, ఒక్కొక్కటి మూసిన నోటి నుంచి తోక కొస వరకు కనీసం 16 అంగుళాలు ఉండాలి. ఫెడరల్ పర్మిట్ ఉన్న చార్టర్లకి సీజన్ జూన్ 1న మొదలవుతుంది, ముగిసే తేదీ ఏటా ప్రకటిస్తారు. ఈ అంకెలు మారుతుంటాయి కనుక బయల్దేరే వారంలో ఒకసారి సరిచూసుకోండి. చార్టర్ ఎక్కినా మీ లైసెన్సు మీకు ఉండాల్సిందే. ఉప్పునీటి వేట కూడా కలిసిన లైసెన్సు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వారి దగ్గర ఆన్‌లైన్‌లో ఒక్క రోజుకి కూడా దొరుకుతుంది. జెట్టీ దగ్గర సిగ్నల్ కోసం వెతుక్కోకుండా ముందు రోజే తీసుకోండి.

వాతావరణం చూసేటప్పుడు వర్షం గుర్తు కన్నా అలల ఎత్తు, అలకీ అలకీ మధ్య సెకన్లు ముఖ్యం. 2 నుంచి 3 అడుగుల అలలు 7 సెకన్లకొకటి వస్తుంటే పడవ ఊయలలా ఊగుతుంది, హాయిగా ఉంటుంది. 4 అడుగుల అలలు 4 సెకన్లకొకటి వస్తే నడుం విరుగుతుంది, గుండు అడుగున నిలవదు. గాల్వెస్టన్‌కి తూర్పున 22 నాటికల్ మైళ్ల దూరంలో 42035 నంబరు బోయా (అలల్ని, గాలిని కొలిచే తేలే పరికరం) ఉంది. దాని తాజా కొలతలు ఎవరైనా చూడొచ్చు. ముందు రోజు సాయంత్రం, మళ్లీ తెల్లవారుజామున చూడండి. కెప్టెన్ వద్దంటే వాదించకండి, ఇంకో తేదీ అడగండి.

కడుపు విషయం తేలిగ్గా తీసుకున్నవాళ్లకి రోజంతా నరకమే. వికారం మొదలయ్యాక మందు పనిచేయదు, మింగింది బయటికే వస్తుంది. మెక్లిజిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర ప్రయాణానికి కనీసం గంట ముందు వేసుకోవాలి. ముందు రాత్రి కూడా ఒకటి వేసుకుంటే ఇంకా నయమని చాలామంది అనుభవం. నిద్రమత్తు వస్తుంది కనుక ఇంటికి కారు నడిపేది ఎవరో ముందే తేల్చుకోండి. గ్లాకోమా, ఆస్తమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టర్ని అడగాలి. పొద్దున్నే ఖాళీ కడుపుతో వద్దు, నూనె పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలు, లేదా కొంచెం పెరుగన్నం చాలు. పడవలో క్యాబిన్‌లోకి దూరకండి, ఫోన్ చూడకండి. వెనక భాగంలో మధ్యన, డీజిల్ పొగ తగలని చోట నిలబడి ఆకాశం సముద్రం కలిసే గీత చూస్తూ ఉండండి. ఇంకొక మాట, అరటిపళ్లు తీసుకెళ్లకండి. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని చాలామంది కెప్టెన్ల నమ్మకం. ఆ రోజు వాళ్ల పడవలో మీరు అతిథులు.

ఇక గాలం. పడవలో మీకిచ్చే సరంజామా సాధారణంగా ఇలా ఉంటుంది: పొట్టి గట్టి రాడ్, 50 నుంచి 65 పౌండ్ల అల్లిక లైన్, దాని చివర మూడు నాలుగు అడుగుల మందపాటి నైలాన్ లీడర్, 8 ఔన్సుల సీసం గుండు (సుమారు 225 గ్రాములు), 7/0 లేదా 8/0 సైజు సర్కిల్ హుక్. ఎర స్క్విడ్ ముక్క, లేదా సార్డీన్. మీ ఇద్దరి గుండ్లూ ఒకే బరువువి కావాలి. ఒకటి 6, ఒకటి 10 అయితే ప్రవాహానికి రెండు లైన్లు రెండు వాలుల్లో పోయి కింద పెనవేసుకుంటాయి. ఆ చిక్కు విప్పడానికి పట్టే పావుగంటలో పడవ చేపల గుంపు మీద నుంచి జరిగిపోతుంది.

రీలు వదిలేటప్పుడు బొటనవేలు స్పూలు (లైను చుట్టి ఉండే చక్రం) మీద తేలిగ్గా ఆనించే ఉంచాలి. వేలు తీసేస్తే గుండు అడుగు తాకిన క్షణాన స్పూలు ఆగకుండా తిరిగి లైను పిచ్చుకగూడు కడుతుంది. గుండు తాకినట్టు చేతికి తెలియగానే రీలు బిగించి ఐదారు చుట్లు పైకి తిప్పండి. అడుగున ఎరని కొరికి పోయే చిల్లర చేపలే ఎక్కువ, స్నాపర్లు వాటికి కొంచెం పైన తేలుతుంటాయి. ఇప్పుడు రాడ్ కొస నీళ్లవైపు వంచి ఆగండి.

ముందు టక్ టక్ మని తడుతుంది. లాగకండి. సర్కిల్ హుక్ మొన లోపలికి తిరిగి ఉంటుంది. చటుక్కున లాగితే దేనికీ గుచ్చుకోకుండా నోట్లోంచి జారి వచ్చేస్తుంది. చేప ఎర మింగి పక్కకి తిరిగి పోతుంటే మాత్రం అదే జారుతూ దవడ మూలకి చేరి దానంతటది దిగుతుంది. రాడ్ కొస వంగి, వంగినట్టే నిలబడిపోయిందంటే దిగినట్టే. అప్పుడు కూడా ఎత్తకుండా గబగబా రీలు తిప్పండి, బరువు తెలిశాక రాడ్ ఎత్తండి. మొదటి పది సెకన్లే కీలకం. ఆలోపు చేపని రిగ్గు కాళ్లకి దూరంగా లేపకపోతే అది ఇనుము చుట్టూ తిరిగి లైను కోసేస్తుంది. తర్వాత తొందర లేదు. రాడ్ ఎత్తడం, దించుతూ తిప్పడం, మళ్లీ ఎత్తడం. దించేటప్పుడు లైను వదులు కానివ్వకూడదు. డ్రాగ్ (చేప లాగినప్పుడు లైను ఎంత బలానికి జారాలో చూసే రీలు బ్రేకు) 7, 8 కిలోల దగ్గర కెప్టెన్ పెట్టి ఉంచుతాడు, భయపడి బిగించకండి.

ఒకరికి పెద్ద చేప పడితే రెండోవాళ్లు వెంటనే తమ లైను పైకి చుట్టేయాలి. స్నేహితుడి చేపకి మీరు చేయగల పెద్ద సాయం అదే. నెట్ పట్టడం డెక్ హ్యాండ్ (పడవలో కెప్టెన్ సహాయకుడు) పని. మధ్యలో దూరి లైను చేత్తో పట్టుకుంటే అల్లిక లైను వేళ్లని కోస్తుంది.

పొట్టి చేపని, లెక్క మించిన చేపని వదలాలి. లోతు నుంచి వేగంగా పైకి వచ్చేసరికి దాని గాలితిత్తి ఉబ్బి, కడుపు నోట్లోంచి బెలూన్‌లా బయటికి వస్తుంది. దాన్ని సూదితో పొడవకండి, నోట్లోకి తోయకండి. అలాగే నీళ్లలో పడేస్తే మునగలేక వెల్లకిలా తేలుతుంది, డాల్ఫిన్లు తినేస్తాయి. పెదవిని పట్టుకునే డిసెండింగ్ పరికరం ఒకటుంటుంది. బరువు కట్టి దాన్ని కిందికి దించితే, లోతు ఒత్తిడికి గాలితిత్తి మామూలై చేప తనంతట తను ఈదిపోతుంది. పడవలో అది ఉందో లేదో ఎక్కగానే అడగండి.

ఉంచుకున్న చేపకి వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం కార్చి, రెండు పాళ్లు ఐసు, ఒక పాలు సముద్రపు నీళ్లు కలిపిన జావలో ముంచాలి. నీళ్లు కలపని ఐసు ముక్కల మీద పెడితే పైన మాత్రమే చల్లబడుతుంది. కింగ్ మాకెరెల్ పడిందంటే ఇంకా తొందరపడాలి. అది మన వంజరానికి దగ్గరి చుట్టం. వేడెక్కితే దాని కండలో హిస్టమిన్ చేరుతుంది, ఎంత ఉడికించినా పోదు. పాదరసం ఎక్కువని గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు ఆ చేప తినొద్దని అమెరికా ఎఫ్‌డీఏ సలహా. స్నాపర్‌లో పాదరసం అంత ఉండదు, అయినా వాళ్లు వారానికి ఒక్కసారికి మించి తినొద్దని అదే సలహా.

ఫెడరల్ నీళ్లలో పట్టిన రీఫ్ చేపని తల, రెక్కలతో పూర్తిగా ఒడ్డుకి తేవాలి కాబట్టి కోత అంతా జెట్టీ దగ్గరే. అక్కడ కోసేవాళ్లు అలవాటుగా రెండు పక్కలా ఫిల్లెట్లు తీసి, తల, నడిముల్లు పారేస్తారు. కత్తి పెట్టకముందే చెప్పండి: పొలుసు గీకి, పొట్ట తీసి, ముల్లుతో అడ్డంగా అంగుళం మందం ముక్కలు, తల రెండుగా చీల్చి విడిగా. ఎముక లేని ఫిల్లెట్ చింతపండు పులుసులో విడిపోతుంది, తలకాయ లేకపోతే పులుసుకి చిక్కదనం రాదు. డెక్ హ్యాండ్‌కి అద్దెలో 15 నుంచి 20 శాతం టిప్ మామూలు, ఇద్దరూ నగదు విడిగా తెచ్చుకోండి. కారులో 9 కిలోల ఐసుతో కూలర్ సిద్ధంగా ఉంచండి, కరిగిన నీళ్లు పోయేలా దాని అడుగున ఉండే బిరడా తీసి పెట్టండి. ముక్కలు సంచుల్లో కట్టి ఒక రోజు ఐసులో ఉంచితే కండ గట్టిపడుతుంది, పులుసు మర్నాడు పెట్టుకోండి.