ఇటాలియన్ క్రియను అన్ని కాలాల్లో మార్చడం ఎలా?

ఇటాలియన్ వ్యాకరణ పుస్తకం చివర్లో క్రియల పట్టికలు ఉంటాయి. వాటిని చూస్తే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. 7 మూడ్‌లు (మామూలుగా చెప్పడం, కోరడం, ఆజ్ఞాపించడం లాంటి తీరులు), వాటన్నిటిలో కలిపి 21 కాలాలు, ఒక్కో కాలానికి దాదాపు ఆరేసి రూపాలు. పైచదువులకు మిలాన్‌కో టొరీనోకో వెళ్లే మనవాళ్లలో చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు, క్లాసులు ఇంగ్లిష్‌లోనే కదా అని. తీరా వెళ్లాక ఇంటి ఓనర్‌తో మాట్లాడాలన్నా, ఆఫీసులో ఫారం నింపాలన్నా ఇటాలియన్ లేకుండా పని జరగదు.

పట్టిక కనిపించినంత పెద్దది కాదు. ఆ 21లో ఆరు కాలాలకు నేను, నువ్వు అన్న తేడాయే లేదు. మిగిలిన 15లో ఏడు కాలాలు రెండు మాటలు పక్కపక్కన పెడితే వచ్చేవే. అంటే కూర్చుని నేర్చుకోవాల్సినవి ఎనిమిదే. వాటిలోనూ రెండింటికి మొదలు ఒకటే, ఇంకొకటి ఎక్కువమందికి చదవడానికి తప్ప అక్కర్లేదు.

ఇక్కడ ఇటాలియన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. నొక్కి పలకాల్సిన చోట దీర్ఘం పెట్టాను, మిగతావన్నీ హ్రస్వాలే. చివర్లో 'ఒ', 'ఎ' హ్రస్వాలు చూసి అచ్చుతప్పు అనుకోకండి. పార్లొ అంటే 'మాట్లాడతాను', పర్లో అంటే 'అతను మాట్లాడాడు'. నొక్కే చోటు మారితే మనిషి, కాలం రెండూ మారిపోతాయి. త, ద మన త, ద లాగే పలకండి. ట, డ వద్దు.

1. ధాతువును విడదీయండి

నిఘంటువులో క్రియ మూడు రకాల తోకలతో కనిపిస్తుంది: -అరె, -ఎరె, -ఇరె. పర్లారె (మాట్లాడు), వేందెరె (అమ్ము), దొర్మీరె (నిద్రపోవు). తోక తీసేస్తే మిగిలే పర్ల్-, వెంద్-, దొర్మ్- అన్నవే ధాతువులు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట పర్లారె ఒక్కదాన్ని పూర్తి చేసి, తర్వాతే మిగతా రెండింటి దగ్గరికి రావడం మంచిది. ఇటాలియన్‌లో ఎక్కువ క్రియలు -అరె గుంపువే, కొత్తగా పుట్టే క్రియలు కూడా దాదాపు అన్నీ అందులోకే చేరతాయి.

2. వర్తమానం

పార్లొ (నేను), పార్లి (నువ్వు), పార్ల (అతను, ఆమె), పర్ల్యామొ (మేము, మనం), పర్లాతె (మీరందరూ), పార్లనొ (వాళ్లు).

'నేను', 'నువ్వు' అని విడిగా చెప్పక్కర్లేదు. 'మాట్లాడతాను' అంటే ఎవరో మనకు తెలిసిపోయినట్టే, పార్లొ అంటే వాళ్లకూ తెలిసిపోతుంది. ఇంగ్లిష్ అలవాటుతో ప్రతి వాక్యం ముందూ 'ఈయొ' (నేను) తగిలిస్తే వినేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

చివరి రూపం దగ్గర జాగ్రత్త. పార్లనొ అని మొదటి అక్షరం మీద నొక్కాలి, పర్లానొ అనకూడదు. నివసించడానికి అబితారె అంటారు. దాంట్లో బరువు ఇంకా ముందుకు పోతుంది: ఆబితొ, ఆబితనొ. ఇలాంటివి నిఘంటువు చూసి పట్టుకోవాల్సిందే.

మర్యాద విషయంలో మనవాళ్లు తరచూ తడబడతారు. పెద్దవాళ్లను, పరిచయం లేనివాళ్లను పలకరించేటప్పుడు మనకు 'మీరు' అలవాటు కాబట్టి పర్లాతె అనేస్తారు. అది ఎక్కువమందితో మాట్లాడేటప్పుడు వాడే రూపం. ఒక్కరికి మర్యాద ఇవ్వాలంటే 'ఆమె' రూపమే వాడాలి. ఎదుట ఉన్నది మగవాడైనా 'పార్ల ఇతల్యానొ?' అనే అడగాలి. నేపుల్స్ వైపు పెద్దవాళ్ల మధ్య బహువచన మర్యాద ఇంకా వినిపిస్తుంది కానీ, కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

మిగతా రెండు గుంపుల్లో తేడా కొంచెమే. వేందొ, వేంది, వేందె, వెంద్యామొ, వెందేతె, వేందొనొ. దోర్మొ, దోర్మి, దోర్మె, దొర్మ్యామొ, దొర్మీతె, దోర్మొనొ. -ఇరె గుంపులో చాలా క్రియలు మధ్యలో 'ఇస్క్' చేర్చుకుంటాయి. ఫినీరె (ముగించు) ఇలా మారుతుంది: ఫినీస్కొ, ఫినీష్షి, ఫినీష్షె, ఫిన్యామొ, ఫినీతె, ఫినీస్కొనొ. 'మేము', 'మీరందరూ' రూపాల్లో ఆ చేర్పు ఉండదు.

3. జరిగిపోయినదానికి రెండు కాలాలు

ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేవాళ్లను ఇది బాగా ఏడిపిస్తుంది. తెలుగు మీదుగా వస్తే సగం పని అయిపోయినట్టే.

'నిన్న ఆయనతో మాట్లాడాను' అన్నది ఒకసారి జరిగి ముగిసిన పని. దీనికి పస్సాతొ ప్రోస్సిమొ వాడతారు. 'చిన్నప్పుడు ఆయనతో రోజూ మాట్లాడేవాణ్ణి' అన్నది అలవాటుగా సాగిన పని. దీనికి ఇంపెర్ఫేత్తొ. తెలుగులో అలవాటు గురించి 'మాట్లాడేవాణ్ణి', 'మాట్లాడేదాన్ని' అని వచ్చిన ప్రతిచోటా కళ్లు మూసుకుని ఇంపెర్ఫేత్తొ పెట్టేయొచ్చు ('వీలైతే మాట్లాడేవాణ్ణి' లాంటిది వేరు, దాని సంగతి 4లో). 'ఆయన వచ్చేసరికి మాట్లాడుతున్నాను' అన్నా ఇదే.

ఇంపెర్ఫేత్తొ రూపాలు: పర్లావొ, పర్లావి, పర్లావ, పర్లవామొ, పర్లవాతె, పర్లావనొ. అచ్చు మారిస్తే చాలు, మిగతా గుంపులవి వెందేవొ, దొర్మీవొ అని వచ్చేస్తాయి. ఇంత బుద్ధిగా నడిచే కాలం ఇటాలియన్‌లో మరొకటి లేదు.

పస్సాతొ ప్రోస్సిమొలో రెండు మాటలుంటాయి. మొదటిది అవేరె (కలిగి ఉండు) వర్తమానం: ఒ, ఆయ్, అ, అబ్బ్యామొ, అవేతె, ఆన్నొ. రెండోది ఎప్పుడూ మారని పర్లాతొ. మిగతా గుంపుల్లో అది వెందూతొ, దొర్మీతొ. 'ఒ పర్లాతొ' అంటే మాట్లాడాను, 'ఆన్నొ పర్లాతొ' అంటే మాట్లాడారు.

వెళ్లడం, రావడం, చేరడం, పుట్టడం లాంటి క్రియలకు మాత్రం అవేరె బదులు ఏస్సెరె (ఉండు) వాడతారు: సోనొ, సేయ్, ఎ, స్యామొ, స్యేతె, సోనొ. అప్పుడు రెండో మాట లింగాన్ని బట్టి, వచనాన్ని బట్టి మారుతుంది. 'నేను చేరుకున్నాను' అని మగవాడైతే 'సోనొ అర్రివాతొ' అంటాడు, ఆడమనిషైతే 'సోనొ అర్రివాత' అంటుంది. మనకు 'వచ్చాడు', 'వచ్చింది' అని తేడా ఉన్నా 'వచ్చాను'లో ఉండదు కాబట్టి ఇది మర్చిపోతుంటాం. బహువచనం అర్రివాతి, అందరూ ఆడవాళ్లే అయితే అర్రివాతె.

4. భవిష్యత్తు, కొందిత్స్యొనాలె కలిపి నేర్చుకోండి

రెండింటికీ మొదలు పర్లెర్-. పర్లార్- అనిపించినా కాదు. ఈ రెండు కాలాల్లో -అరె గుంపు తన 'అ'ని 'ఎ'గా మార్చుకుంటుంది. మిగతావి మారవు: వెందెర్-, దొర్మిర్-.

భవిష్యత్తు: పర్లెరో, పర్లెరాయ్, పర్లెరా, పర్లెరేమొ, పర్లెరేతె, పర్లెరాన్నొ.

కొందిత్స్యొనాలె, అంటే 'అయితే చేస్తాను' తరహా మాట: పర్లెరేయ్, పర్లెరేస్తి, పర్లెరేబ్బె, పర్లెరేమ్మొ, పర్లెరేస్తె, పర్లెరేబ్బెరొ.

పర్లెరేమొ అంటే 'మాట్లాడతాం'. పర్లెరేమ్మొ అంటే 'వీలైతే మాట్లాడేవాళ్లం'. తేడా ఒక్క మకారపు వత్తు. ఇంగ్లిష్ వాళ్ల చెవికి ఇది అందదు. అక, అక్క తేడా పుట్టుకతో తెలిసిన మనకు ఏ ఇబ్బందీ లేదు, పలికేటప్పుడు బద్ధకించకపోతే చాలు.

5. కొంజుంతీవొ

అనుకోవడం, కోరుకోవడం, భయపడటం, అనుమానించడం లాంటి మాటల తర్వాత వచ్చే మూడ్ ఇది. వర్తమానంలో గుంపులు అచ్చులు మార్చుకుంటాయి. -అరె గుంపుకు 'ఇ' వస్తుంది, మిగతా రెండింటికి 'అ' వస్తుంది. పార్లి మూడు ఏకవచనాలకూ సరిపోతుంది, ఆపై పర్ల్యామొ, పర్ల్యాతె, పార్లినొ. అలాగే వేంద, వెంద్యామొ, వెంద్యాతె, వేందనొ. ఏకవచనం అంతా ఒకేలా ఉంది కాబట్టి ఇక్కడ మాత్రం ఎవరో చెప్పడం మంచిది: 'పేన్సొ కె మరీయ పార్లి ఇతల్యానొ' (మరియా ఇటాలియన్ మాట్లాడుతుందనుకుంటాను).

దీని గతకాలం పర్లాస్సి, పర్లాస్సి, పర్లాస్సె, పర్లాస్సిమొ, పర్లాస్తె, పర్లాస్సెరొ. ఇది ఎక్కువగా 'సె' (అయితే) తర్వాత, కొందిత్స్యొనాలెకు జంటగా వస్తుంది: 'సె పర్లాస్సి ఇతల్యానొ, లవొరెరేయ్ అ మిలానొ' (నాకు ఇటాలియన్ వచ్చుంటే మిలాన్‌లో ఉద్యోగం చేసేవాణ్ణి). ఈ ఒక్క వాక్యాన్ని నోటికి పట్టించుకుంటే రెండు మూడ్‌లూ కలిసి వస్తాయి. ఇటలీలో పౌరసత్వానికి 2018 చివరి నుంచి బీ1 (మధ్యస్థ) స్థాయి భాష అడుగుతున్నారు. అంత దూరం ఆలోచించేవాళ్లు ఈ మెట్టు దాటవేయకూడదు.

6. ఆజ్ఞ

నువ్వు: పార్ల. మర్యాదగా: పార్లి. అందరితో: పర్లాతె. 'మాట్లాడకు' అనాలంటే మాత్రం క్రియను విరవకుండా 'నొన్ పర్లారె' అంటే సరి. వేందెరె, దొర్మీరెలకు 'నువ్వు' రూపం వర్తమానంలోదే: వేంది, దోర్మి.

7. రెండు మాటల కాలాలు అతికించండి

పర్లాతొ కదలదు. దాని ముందున్న అవేరెను మార్చుకుంటూ పోవడమే. అవేవొ పర్లాతొ (అప్పటికే మాట్లాడి ఉన్నాను), అవ్రో పర్లాతొ (మాట్లాడి ఉంటాను), అవ్రేయ్ పర్లాతొ (మాట్లాడి ఉండేవాణ్ణి), ఆబ్బ్య పర్లాతొ, అవేస్సి పర్లాతొ (ఈ రెండూ కొంజుంతీవొవి). మన 'మాట్లాడి' కూడా ఇలాగే కదలకుండా కూర్చుంటుంది.

8. పస్సాతొ రెమోతొ

ఎప్పుడో జరిగి ముగిసిపోయిన పనులకు వాడే ఒక్క మాట గతకాలం ఇది: పర్లాయ్, పర్లాస్తి, పర్లో, పర్లామ్మొ, పర్లాస్తె, పర్లారొనొ. నవలలు, చరిత్ర పుస్తకాలు దీంతోనే నడుస్తాయి. సిసిలీ లాంటి దక్షిణ ప్రాంతాల్లో మాటల్లోనూ వినిపిస్తుంది, ఉత్తరాన నోటి మాటల్లో దాదాపు లేదు. మిలాన్ వెళ్లేవాళ్లు చూస్తే గుర్తుపట్టగలిగితే చాలు.

9. సాధన

పట్టికను పైనుంచి కిందికి చదివితే పాటలా వచ్చేస్తుంది, మాట్లాడేటప్పుడు మాత్రం ఒక్కటీ తగలదు. అడ్డంగా చదవండి. 'నేను' ఒక్కరినే పట్టుకుని పార్లొ, ఒ పర్లాతొ, పర్లావొ, పర్లెరో, పర్లెరేయ్ అని వెళ్లి, తర్వాత 'వాళ్లు' పట్టుకోండి. లవొరారె (పని చేయు), కంతారె (పాడు), గ్వర్దారె (చూడు) ఇలాగే నడుస్తాయి.

రాసేటప్పుడు చిన్న మెలిక ఉంది. చెర్కారె (వెతుకు), పగారె (చెల్లించు) లాంటివాటిలో 'ఇ', 'ఎ' ముందు క, గ శబ్దాలు నిలవాలంటే మధ్యలో హెచ్ అక్షరం చేర్చాలి. అది మర్చిపోతే చేర్కి కాస్తా చేర్చి అయిపోతుంది.

క్రమం తప్పే క్రియల్ని వీటితో కలపకండి. ఏస్సెరె, అవేరె, అందారె (వెళ్లు), ఫారె (చేయు) మొదటి రోజు నుంచీ కావాలి కానీ వాటి దారి వాటిదే. -ఎరె గుంపులో చాలావాటికి వర్తమానం మామూలుగా ఉండి రెండో మాట దగ్గర తేడా వస్తుంది: లేజ్జెరె (చదువు) లేత్తొ అవుతుంది, స్క్రీవెరె (రాయు) స్క్రీత్తొ, ప్రేందెరె (తీసుకో) ప్రేసొ. వీటికి వేరే కాగితం పెట్టుకుని, ఎదురైనప్పుడల్లా ఒక్కొక్కటీ రాసుకుంటూ పోండి.