చల్లగా ఉంటే లెక్క కుదురుతుంది, వేడెక్కితే కణాల ప్రవాహం తగ్గుతుంది: ఎక్కడ వెతకాలి?

సమస్య ఇది. సోలార్ టవర్ రిసీవర్‌లో (అద్దాలు ఎండని పోగేసే చోటు) వేడిని మోయడానికి వాడే బాక్సైట్ కణాల్ని మామూలు వేడిమిలో వదిలితే హాపర్ (అడుగున చీలిక ఉన్న తొట్టి) నుంచి సిమ్యులేషన్ చెప్పినంతే పడతాయి. అదే స్లైడ్ గేట్ (ఆ చీలికని తెరిచి మూసే జారుడు పలక) సెట్టింగ్‌తో 700 డిగ్రీల దగ్గర నడిపితే పదిహేను శాతం దాకా తక్కువ. వెంటనే మోడల్ తెరిచి ఘర్షణ గుణకాలు మార్చేస్తారు. దయచేసి ఆగండి.

ముందు లోడ్ సెల్, అంటే హాపర్ బరువు తూచే సెన్సర్. తెలిసిన బరువు పెట్టి చూడండి, హాపర్ వేడికి సాగి పక్క గొట్టానికి ఆనుకుందేమో చూడండి. ఐదు నిమిషాల పని, ఎవరూ చెయ్యరు. హాపర్‌లో మట్టం తగ్గడం వల్లే అంటారు కొందరు. ఇది నీళ్ల ట్యాంకు కాదు, ధాన్యం గాదె లాంటిది, దాదాపు ఖాళీ అయ్యేదాకా కన్నంలోంచి పడే వేగం ఒకటే.

చల్లటి పరీక్షకే కుదరలేదా? సిమ్యులేషన్ త్వరగా అవ్వాలని 0.3 మి.మీ. కణాన్ని 3 మి.మీ. చేసి ఉంటారు. 10 మి.మీ. చీలికలో అలా చేస్తే బెవర్లూ సూత్రం (కన్నం, కణం సైజుల్ని బట్టి ప్రవాహాన్ని లెక్కగట్టేది) ప్రకారం ప్రవాహం సగానికి పడిపోతుంది.

ఇక నన్ను వారాల తరబడి ఏడిపించింది గేటు పలక. దాని వెనక కొస బయట చల్లగా ఉన్న యాక్చుయేటర్‌కి (గేటుని కదిపే యంత్రం) బిగించి ఉంటుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ పలక 100 మి.మీ. మేర 600 డిగ్రీలు పెరిగితే ఒక మిల్లీమీటరు పైగా సాగుతుంది, ఆ సాగింది నేరుగా చీలికలోకే వస్తుంది. స్క్రీన్ మీద మాత్రం 10 అనే ఉంటుంది. 10 కాస్తా 9 అయితే అదే సూత్రం లెక్కన పదిహేను శాతం పోయినట్టే. మర్నాడు చల్లారాక ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి చూస్తే మళ్లీ నిక్కచ్చిగా పది! అందుకే దొరకదు.

గుర్తు పట్టడానికి లోడ్ సెల్ గ్రాఫ్ చూడండి. ఆ గీత వాలే ప్రవాహ వేగం, గేటు వేడెక్కే కొద్దీ అది మెల్లగా తగ్గి తర్వాత నిలకడైతే పలకే. మెట్లు మెట్లుగా ఉంటే కణాలు ఒకదానికొకటి ఆనుకుని చీలిక మీద వంతెన కట్టడమో, చెత్త అడ్డుపడటమో.

పరిష్కారానికి గేటుని కొంచెం కొంచెంగా మూస్తూ ప్రవాహం ఆగే స్థానం చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి రాసుకోండి. ఆ రెండిటి తేడాయే మీ సవరణ. పలక మీద థర్మోకపుల్ (వేడిమి కొలిచే సెన్సర్) పెట్టి సవరణని దానికి కట్టెయ్యండి, లేదా స్థానాన్ని వదిలేసి లోడ్ సెల్ వాలుతోనే గేటుని నడపండి. కొత్తగా కట్టేవాళ్లయితే పలకని చీలిక పక్కనే బిగించండి, సాగే పొడవే మిగలదు.

తేమ, స్థిర విద్యుత్తు అంటారా, ఆ వేడిలో వాటి జోలికి పోకండి. కణాల అరుగుదల నిజమే, కానీ అది ఒక్క పూటలో కనబడదు.