ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్‌కి మంచి సౌండ్ రప్పించడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఆర్కెస్ట్రాల్లో వాయించే మనవాళ్లు కొందరు చవక కిట్ కొని, రేకు డబ్బా కొట్టినట్టుందని అమ్మేద్దామనుకుంటారు. ఆగండి. చాలాసార్లు ప్యాడ్లు బాగానే ఉంటాయి, మాడ్యూల్‌లోని (ప్యాడ్ల దెబ్బలకి శబ్దాలిచ్చే పెట్టె) శబ్దాలే నాసిరకం, కాబట్టి ఆ పని ల్యాప్‌టాప్‌కి అప్పగించండి.

మాడ్యూల్ వెనక యూఎస్‌బీ పోర్టుకి చాలా కిట్లలో ప్రింటర్ కేబులే సరిపోతుంది. అందులోంచి వెళ్లేది ఏ ప్యాడ్‌ని ఎంత గట్టిగా కొట్టారన్న మిడి సమాచారం. దాన్ని డ్రమ్ శబ్దాలుగా మార్చే ప్లగిన్ ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2 ఉచితంగా దొరుకుతుంది, మొదట్లో అది చాలు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ప్లగిన్‌ని ఒక ట్రాక్‌లో వేసి, ఇన్‌పుట్ మిడి పెట్టి, రికార్డ్ ఆర్మ్ (ట్రాక్‌ని రికార్డింగ్‌కి సిద్ధం చేసే బటన్), మానిటరింగ్ (వాయిస్తుండగానే వినిపించేది) ఆన్ చేయండి.

అసలు తలనొప్పి ఆలస్యంతోనే. కర్ర పడ్డాక కాసేపటికి మోగితే ఎవరికైనా తాళం తప్పుతుంది. విండోస్‌లో ఈ ఆలస్యాన్ని తగ్గించే ఆసియో (ASIO) డ్రైవర్ వాడండి, ఆడియో ఇంటర్‌ఫేస్ లేకపోతే ఆసియో ఫర్ ఆల్ (ASIO4ALL) వేసుకుని బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో సిద్ధం చేసే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు పెట్టండి, 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌లో అది దాదాపు 3 మిల్లీసెకన్లు, డ్రైవర్ తనవంతు ఇంకొంచెం కలుపుతుంది. చిటపటలొస్తే 256. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దే వద్దు.

స్నేర్ కొడితే టామ్ మోగుతోందా? ప్రతి ప్యాడ్ పంపే మిడి నోట్ నంబర్లు చూడండి: మామూలుగా కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, తెరిచింది 46. ఒక్క దెబ్బకి రెండు శబ్దాలొస్తే మాడ్యూల్‌లో లోకల్ (దాని సొంత శబ్దం) ఆఫ్ చేయండి, లేదా దాని వాల్యూమ్ తగ్గించండి.

చివరగా వెలాసిటీ కర్వ్ (దెబ్బ బలానికి ఎంత శబ్దం రావాలన్న సెట్టింగ్), చాలామంది దీని జోలికే పోరు. స్నేర్ మీద కర్ర కొసతో మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి, సగం బలానికే గరిష్ఠ వెలాసిటీ 127 చూపిస్తే మాడ్యూల్‌లో సెన్సిటివిటీ తగ్గించండి.