ఆర్పింగ్టన్ పిల్లల్లో పుంజేదో పెట్టేదో

ఆర్పింగ్టన్ కోళ్లు పెంచేవాళ్లకు ఒక మాట. గుడ్డులోంచి వచ్చిన రోజే పిల్ల రంగు చూసి పుంజో పెట్టో తేల్చకండి. అచ్చమైన బఫ్ (లేత బంగారు రంగు) ఆర్పింగ్టన్‌లో రెండూ ఒకే లేత పసుపు రంగులో ఉంటాయి. ఈ జాతి మెల్లగా ఎదుగుతుంది, కాబట్టి తొందరపడి అమ్మేస్తే మంచి పెట్టలే పోవచ్చు.

ఐదారు వారాలు ఆగి, పగటి వెలుతురులో పిల్లలన్నిటినీ పక్కపక్కన పెట్టి తురాయి చూడండి. పుంజుకి అది మందంగా, గులాబీ రంగుకు తిరుగుతుంది, గడ్డం కింద తోలు కూడా ఎర్రబడుతుంది. పెట్టకు ఇంకా చిన్నగా, పసుపుగానే ఉంటుంది. కాళ్లు లావుగా ఉండి, తోక ఆలస్యంగా వస్తుంటే పుంజు అయ్యే అవకాశం ఎక్కువ. అయినా అనుమానమే అంటే మూడు నెలలు దాటాక తోక మొదట్లో, నడుము మీద ఈకలు వేళ్లతో విడదీసి చూడండి: సన్నగా, మొనదేలి, మెరుస్తూ ఉంటే పుంజు; గుండ్రంగా ఉంటే పెట్ట. నేను నమ్మేది ఈ గుర్తునే.

మొదటి రోజే తెలియాలంటే జత మార్చాలి. నల్ల ఆర్పింగ్టన్ పుంజుని చారల ప్లిమత్ రాక్ అనే మరో జాతి పెట్టతో కలపండి. నల్లటి పిల్లల్లో తల మీద తెల్ల మచ్చ ఉన్నవి పుంజులు, లేనివి పెట్టలు. ఈ పిల్లల్ని మళ్లీ వాటిలో వాటికే జత కట్టిస్తే మాత్రం ఈ మచ్చ గుర్తు పనికిరాదు.