జారిన మంచు చరియ ఏం చెబుతుంది: స్కీయర్లూ, స్నోమొబైల్ రైడర్లూ చూడాల్సినవి, రాయాల్సినవి

వాలు మీద మంచు నిలకడగా ఉందో లేదో తెలుసుకోవడానికి గొయ్యి తవ్వి పొరలు చూడొచ్చు, పారతో తట్టి పరీక్షించొచ్చు. అయితే ఎదుటి వాలు మీద నిన్నో మొన్నో అవలాంచ్ (మంచు చరియ) జారిన గుర్తు కనిపిస్తే, ఆ పరీక్షలన్నిటికన్నా అదే గట్టి సాక్ష్యం. అదే దిక్కుకు తిరిగి, అదే ఎత్తులో, అంతే ఏటవాలుగా ఉన్న పక్క వాలు కూడా జారడానికి సిద్ధంగా ఉందనే అనుకోవాలి. చాలామంది ఆ గుర్తును ఫొటో తీసుకుని ముందుకు సాగిపోతారు. దాని నుంచి రాబట్టాల్సినవి ఐదు: ఏ రకం, ఎంత లోతు నుంచి, ఎంత పెద్దది, ఎక్కడ, ఎప్పుడు దేనివల్ల.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది జాడలు. స్కీల గీతలు గానీ స్నోమొబైల్ ట్రాక్ గానీ ఆ మంచు కుప్పలోకి వెళ్లి మళ్లీ బయటికి రాకపోతే, కింద మనిషి ఉన్నాడనే లెక్క. ఆ క్షణంలో పరిశీలన పక్కన పెట్టి, మీ పైన ఇంకా జారే మంచు ఉందేమో చూసుకుని, అందరి ట్రాన్సీవర్లనూ (మంచు కింద ఉన్నవాళ్లను సిగ్నల్‌తో వెతకడానికి ఒంటికి కట్టుకునే పరికరాలు) వెతికే మోడ్‌లోకి మార్చాలి. పూర్తిగా కప్పుకుపోయినవాళ్లలో పది నిమిషాల్లోపు బయటపడ్డవాళ్లు ఎక్కువమంది బతుకుతారు. ఆ తర్వాత ఊపిరాడక ఆ అవకాశం చాలా వేగంగా పడిపోతుంది.

ఎక్కడ నిలబడి చూడాలి

జారిన వాలు కిందికి వెళ్లి చూడాలనిపిస్తుంది, వెళ్లకండి. తెగిన గీతకు పైనా పక్కలా ఇంకా మంచు వేలాడుతుంటుంది, కింద ఆధారం పోయింది కాబట్టి అది ఎప్పుడైనా రావచ్చు. ఎదుటి గట్టు మీదో, దట్టమైన ముదురు చెట్ల మధ్యో ఆగి బైనాక్యులర్‌తో చూస్తే సరిపోతుంది. చెట్లకు కొండవైపు కొమ్మలు విరిగిపోయి లోయవైపు మాత్రమే మిగిలి ఉంటే, ఆ చోటికి అవలాంచ్‌లు వస్తూనే ఉంటాయని అర్థం. అక్కడ ఆగకూడదు.

రకం, లోతు

ఒక్క చుక్క దగ్గర మొదలై కిందికి వచ్చేకొద్దీ వెడల్పయితే అది వదులు మంచు జారడం. ఎండకి తడిసిన వాలు మీద ముందుగా చక్రాల్లా చుట్టుకుంటూ దొర్లే మంచు ఉండలు కనిపిస్తే, తడి మంచు జారబోతోందని గుర్తు. ప్రాణాలు ఎక్కువగా తీసేది మాత్రం స్లాబ్. ఇది పలకలా ఒక్కసారిగా తెగుతుంది. పైన కత్తితో కోసినట్టు నిలువుగా ఒక గోడ మిగులుతుంది, దాన్నే క్రౌన్ అంటారు. స్లాబ్ తెగే గీత తరచు మనిషికి పైనే ఉంటుంది కాబట్టి, అది కదిలాక దాని మీంచి తప్పించుకోవడం చాలా కష్టం.

క్రౌన్ ఎంత ఎత్తుందో అంచనా వేయడమే ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది. పక్కన ఉన్న చెట్టునో, మనిషినో కొలతగా పెట్టుకుని చూడండి. తర్వాత మొన్నటి తుపానులో ఎంత మంచు పడిందో దానితో పోల్చండి. 40 సెం.మీ. కొత్త మంచు పడి క్రౌన్ కూడా 35, 40 సెం.మీ. ఉంటే, తెగింది కొత్త మంచులోనో, కొత్తా పాతా కలిసే చోటో. ఇలాంటివి చాలావరకు రెండు మూడు రోజుల్లో కుదురుకుంటాయి. అదే క్రౌన్ 120 సెం.మీ. ఉంటే సంగతి వేరు. అడుగున ఎప్పటిదో బలహీన పొర ఇంకా బలహీనంగానే ఉంది. అది వారాల తరబడి అలాగే ఉండొచ్చు. ఆకాశం తేటగా ఉండి, కొత్త మంచు పడక వారం దాటినా మనుషులు చనిపోయేది ఈ పొర వల్లే. ఇలాంటి క్రౌన్ ఒక్కటి కనిపించినా, ఆ రోజు 30 డిగ్రీలు దాటిన వాలు మీదికి గానీ దాని కిందికి గానీ వెళ్లకపోవడమే మా సలహా.

ఆ పొరను చేత్తో చూడాలంటే క్రౌన్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. అదే దిక్కుకు తిరిగి, పైన గానీ కింద గానీ ఏటవాలు లేని చోట గొయ్యి తవ్వండి. నిలువు గోడ మీద గ్లౌజు వేలిని పైనుంచి కిందికి మెల్లగా లాగండి. గట్టిగా తగులుతూ వచ్చిన వేలు ఒకచోట లోపలికి దిగిపోతుంది, ఆ గీత నుంచి పంచదార జారినట్టు పలుకులు రాలతాయి. పిడికిట్లో ఎంత నొక్కినా అవి ఉండ కట్టవు. లోతుతో పాటు ఆ పలుకుల రూపం కూడా రాసుకోండి: ఈకల్లా మెరిసే పలుచని రేకులైతే ఒకప్పుడు ఉపరితలం మీద కట్టిన నూగుమంచు, కప్పుల్లా గీతలున్న పెద్ద పలుకులైతే నేలకు దగ్గర ఏర్పడ్డ పాత పొర.

సైజు

సైజును డి1 నుంచి డి5 దాకా, అది చేయగల నష్టాన్ని బట్టి చెబుతారు. డి1 మామూలుగా మనిషిని పూడ్చలేదు. డి2 పూడ్చి చంపగలదు. డి3 కారును పూడ్చేస్తుంది, చెక్క ఇంటిని కూల్చేస్తుంది. బరువులో డి2 అంటే సుమారు 100 టన్నులు, డి3 సుమారు 1,000. చూపుతో తేలకపోతే లెక్క కట్టండి: 50 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు, అర మీటరు మందం ఉన్న పలక అంటే 1,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 250 కిలోల చొప్పున 250 టన్నులు. దాన్ని డి2.5 అని రాయొచ్చు. డి1 కూడా కొండ అంచు మీంచి తోసేస్తే, ఇరుకు వాగులోకి నెట్టేస్తే ప్రాణం తీస్తుంది, కాబట్టి చిన్నది కదా అని వదిలేయకండి.

ఎక్కడ

దిక్కు రాయడంలో ఎక్కువమంది తప్పు చేస్తారు. మీరు ఉత్తరంగా చూస్తున్నప్పుడు మీకు ఎదురుగా ముఖం పెట్టిన వాలు దక్షిణాభిముఖం, ఉత్తరాభిముఖం కాదు. దిక్సూచిలో వచ్చిన అంకెకు 180 కలిపో తీసేసో రాయాలి. ఎత్తును మీటర్లలో రాసి, చెట్లు ఆగిపోయే గీతకు పైనో కిందో కూడా చెప్పండి. ఏటవాలు ఎదురుగా నిలబడి కొలిస్తే తప్పుతుంది, పక్కనుంచి వాలు అంచు వెంట క్లైనోమీటర్ (ఏటవాలు కొలిచే పరికరం) పెట్టి చూడాలి. స్లాబ్‌లు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య. ఏటవాలు చోట్లను రంగుతో చూపే మ్యాపులో ఆ రంగు లేదని నమ్మకండి, చిన్న ఏటవాలు మెట్లు మ్యాపులో పడకపోవచ్చు.

ఎప్పుడు, దేనివల్ల

క్రౌన్ అంచులు పదునుగా ఉండి, పలక జారిపోయాక మిగిలిన అడుగు నున్నగా శుభ్రంగా ఉంటే, చివరి మంచు పడ్డాక జారినట్టు. అంచులు గాలికి గుండ్రబడి, కుప్ప మీద కొత్త మంచు కప్పుకుంటే అంతకు ముందుది. జారిన రోజూ, మీరు చూసిన రోజూ రెండూ విడివిడిగా రాయాలి. లేకపోతే మూడు రోజుల కిందటి అవలాంచ్ ఈ రోజుదని అనుకుంటారు.

ఎవరి జాడా లేకుండా దానంతట అదే జారిందంటే, ఆ మంచు తన బరువునే మోయలేకపోతోంది. గట్టు అంచున చూరులా వేలాడే కార్నిస్ విరిగిపడి జారిందేమో కూడా చూడండి. అన్నిటికన్నా భయపడాల్సింది దూరం నుంచి కదిలింది: కింది చదును మీద ఎవరో వెళ్తుంటే వంద మీటర్ల అవతల పైవాలు తెగడం. బలహీన పొర చదును కింద నుంచి వాలు దాకా ఒకటే పరుపులా పరుచుకుని ఉందని అది చెబుతోంది. అడుగు వేయగానే మంచు "వుంఫ్" మని కుంగినా, స్కీ మొన నుంచి పగులు చర్రున ముందుకు పాకినా అదే హెచ్చరిక.

స్నోమొబైల్ మీద ఆ శబ్దం ఇంజిన్ హోరులో వినపడదు, పగులు వెనక్కి పాకితే కనపడదు. అందుకని కొత్త లోయలోకి వచ్చినప్పుడల్లా ఇంజిన్ ఆపి, దిగి, నాలుగడుగులు నడిచి చూడండి. వాలు మీద ఒక్కరే ఉండాలి. బండి ఇరుక్కుపోయినవాడి దగ్గరికి రెండో బండి ఎక్కించడం పాత, ప్రాణాంతకమైన తప్పు. పార, ప్రోబ్ (మంచులో గుచ్చి మనిషిని వెతికే పొడవాటి కడ్డీ) బండి మీద కాదు, ఒంటి మీది బ్యాగులో ఉండాలి. ట్రాన్సీవర్‌కి ఫోన్ మామూలప్పుడు కనీసం 20 సెం.మీ., వెతికేటప్పుడు 50 సెం.మీ. దూరం ఉండాలి.

తప్పుగా చదవడం

మబ్బు కమ్మి ఏమీ కనిపించని రోజున "అవలాంచ్‌లు లేవు" అని రాయకూడదు, "కనుచూపు లేదు" అని రాయాలి. ఒకసారి జారిన వాలు ఇక ఖాళీ అనుకోవడం కూడా పొరపాటే. బలహీన పలుకులు కొన్ని అక్కడే మిగిలిపోతే, పలుచని మంచు కింద అవి ఇంకా చెడతాయి, వచ్చే తుపానుకి అదే వాలు మళ్లీ జారుతుంది. పది మంది గీతలు ఉన్నాయన్నది కూడా భరోసా కాదు. మొదటి తొమ్మిది మందీ మందమైన మంచు మీద వెళ్లి, పదోవాడు పలుచని చోట తొక్కి మొత్తాన్నీ తెంపొచ్చు.

రాసి పంపడం

మర్నాటి హెచ్చరిక కొన్ని కేంద్రాల్లో ముందురోజు సాయంత్రమే, కొన్నిటిలో ఉదయాన్నే వస్తుంది కాబట్టి, వీలైనంత త్వరగా, ఆలస్యమైనా ఆ సాయంత్రమే మీ ప్రాంతపు అవలాంచ్ కేంద్రానికి పంపాలి. కెనడాలో అవలాంచ్ కెనడా వారి మౌంటెన్ ఇన్ఫర్మేషన్ నెట్‌వర్క్ ఉంది. అమెరికాలో కొలరాడో, యూటా కేంద్రాలు కూడా అందరి దగ్గరా పరిశీలనలు తీసుకుంటాయి. మూడు ఫొటోలు చాలు: మొత్తం దారి, క్రౌన్, కుప్ప. రాత ఇలా ఉండొచ్చు:

"ఈశాన్య ముఖం, 2,300 మీటర్లు, చెట్ల గీతకు పైన. స్లాబ్. క్రౌన్ 60 నుంచి 100 సెం.మీ., వెడల్పు సుమారు 80 మీటర్లు. పాత మంచులోని పంచదార పొర మీద తెగింది. డి2.5. కింది చదును నుంచి, సుమారు 120 మీటర్ల దూరంలోని స్నోమొబైల్ వల్ల. శనివారం మధ్యాహ్నం జారింది, ఆదివారం ఉదయం 10 గంటలకు చూశాం. ఎవరూ చిక్కుకోలేదు."

ఆ చివరి వాక్యం ఎప్పుడూ మరిచిపోవద్దు. మీవల్లే జారి ఎవరికీ ఏమీ కాకపోతే, స్థానిక రెస్క్యూ వాళ్లకు కూడా వెంటనే ఫోన్ చేసి చెప్పండి. లేకపోతే జాడలు కుప్పలోకి వెళ్లడం దూరం నుంచి ఎవరో చూస్తారు, వెతకడానికి వచ్చినవాళ్లు ఆ వేలాడే మంచు కిందే తవ్వుతూ ఉంటారు.