నాన్న బొమ్మలు వేలానికి పెట్టేముందు

నాన్న పోయాక లెక్కపెడితే ఆయన కొని దాచిన బొమ్మలు, అంటే చిత్రాలు, 112. గోడలకు ముప్పై, మిగతావి మంచాల కింద, బీరువా వెనక. "అన్నీ ఒకేసారి వేలంలో పెట్టేద్దామే" అన్నాడు అన్నయ్య. చివరికి రెండేళ్లు పట్టింది.

ముందు జాబితా. ప్రతి బొమ్మకూ ముందువైపు ఒక ఫొటో, వెనకవైపు రెండు. గ్యాలరీ చీటీ, ప్రదర్శన నంబరు, ఫ్రేము కొట్టు స్టాంపు వెనకే ఉంటాయి, తెలిసినవాళ్లు అటే చూస్తారు. చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగ్ (లోహపు రేకు నుంచి అచ్చు తీసిన బొమ్మ) కింద పెన్సిల్‌తో 7/25 అని ఉంటే, 25 ప్రతుల్లో అది ఏడోదని. అదీ రాయాలి.

తుడవకండి. నీటిరంగుల బొమ్మ మీద దుమ్ముందని తడిగుడ్డ పెట్టాను. చీర ఎరుపు గుడ్డకొచ్చేసింది!

తర్వాత కాగితాలు. నాన్న వాయిదాల మీద కొనేవాడు, రసీదులన్నీ చెప్పుల డబ్బాలో దాచాడు. అమ్మకు బాగా నచ్చిన బొమ్మకే రసీదు దొరకలేదు. అసలుదో నకిలీదో తేల్చలేమని వేలంవాళ్లు తిప్పి పంపారు.

కనీసం రెండు వేలం సంస్థలకు చూపించండి. శాఫ్రనార్ట్, పుండోల్స్, ఆస్టాగురు మూడూ ముంబైవే. కమిషన్ ఒక్కటే అడిగి ఊరుకోకండి. రవాణా, బీమా, ఫొటోల ఖర్చు ఎవరిది? అమ్ముడుపోకపోతే ఏం కట్టాలి? డబ్బు ఎన్నాళ్లకిస్తారు? అన్నీ రాతలో తీసుకోండి.

రిజర్వు ధర (అంతకు తక్కువైతే అమ్మమని ముందే రాసుకునే ధర) దగ్గరే మేం దెబ్బతిన్నాం. వేలంవాళ్లు అంచనా ధరను "ఇంత నుంచి ఇంత" అని ఇస్తారు, రిజర్వు సాధారణంగా అందులోని కింది అంకెను దాటదు. అన్నయ్య పట్టుబట్టి సరిగ్గా ఆ అంకె దాకా పెంచాడు. ఒక్కరూ పాడలేదు. ఫలితాలు అందరూ చూస్తారు కాబట్టి ఆ బొమ్మను వెంటనే మళ్లీ పెట్టలేకపోయాం.

ఒకే చిత్రకారుడివి నలభై బొమ్మలు ఒకే రోజు దింపితే వాటిలో అవే పోటీపడతాయి. మూడు వేలాలకు పంచాం. 2022లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంవాళ్లు పాల్ అలెన్ సేకరణను రెండు రోజుల్లో అమ్మితే 150 కోట్ల డాలర్లు దాటింది. అది మైక్రోసాఫ్ట్ సహ స్థాపకుడి పేరు బలం, మన ఇంటిపేరుకు అంత లేదు.

రవివర్మ, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్ లాంటి తొమ్మిదిమంది చిత్రకారుల బొమ్మలు 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం దేశం దాటకూడదు. వాటికి లండన్ ధరలు చూసి ఆశపడకండి.

వారసులందరి సంతకాలూ ముందే పెట్టించండి. బొమ్మలు అమ్మితే వచ్చే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్నుంది. ఆ లెక్కలో సాధారణంగా తండ్రి కొన్న ధరే మనం కొన్న ధర. ఆడిటర్ అడిగిన మొదటి మాట, "మీ నాన్నగారు ఎంతకు కొన్నారమ్మా?" మళ్లీ చెప్పుల డబ్బా దించాను.